ఒక్క ప్రశ్న పట్టుకుని పక్క ఊరికి

ఉద్యోగం కోసం సొంత ఊరు వదిలి వచ్చినవాళ్ళకు పని రోజులు ఎలాగో గడిచిపోతాయి. షిఫ్టు బస్సు టైముకు లేపుతుంది, క్యాంటీన్లో అన్నం దొరుకుతుంది, పక్క మనిషి పలకరిస్తాడు. గడవనిది సెలవు రోజు. ఆలస్యంగా లేచి, వారం బట్టలు ఉతికి, ఇంటికి ఫోను చేసి, పార్శిల్ బిర్యానీ తిని మంచమెక్కితే ఇక ఫోనులో వీడియో మీద వీడియో. చీకటి పడేసరికి గుండెలో దిగులు కమ్ముకుంటుంది. రోజు ఎటు పోయిందో తెలియదు, తెల్లారితే మళ్ళీ డ్యూటీ. ఇలా రెండేళ్ళో మూడేళ్ళో గడిపి తిరిగి వెళ్ళాక, "అక్కడ ఎట్లా ఉంటుంది?" అని ఇంట్లోవాళ్ళు అడిగితే కంపెనీ గేటూ రూమూ వాటి మధ్య రోడ్డూ తప్ప చెప్పడానికి ఏమీ ఉండదు చాలామందికి. జీతం ఇంటికి చేరింది, బతికిన రోజులు మాత్రం ఎక్కడా నిలవలేదు.

ఈ అధ్యాయం వాళ్ళ కోసం. శ్రీకాకుళం నుంచి వచ్చి హిందూపురంలో రూము తీసుకున్న కుర్రాడైనా, సియోల్ పక్క నుంచి పెనుకొండ వచ్చిన ఇంజనీరైనా, రాజంపేట నుంచి కువైట్ వెళ్ళిన డ్రైవరైనా ఈ విషయంలో అందరి సమస్యా ఒకటే.

ముందుగా ఒక సంగతి గుర్తు పెట్టుకోండి. వారపు సెలవు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. నారాయణ మేఘాజీ లోఖండే నాయకత్వంలో ఏళ్ళ తరబడి పోరాడాకే 1890లో బొంబాయి మిల్లు కార్మికులకు ఆదివారం సెలవు దక్కింది. తరవాత 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వారానికో రోజు సెలవు ఇచ్చి తీరాలంది. అంత కష్టపడి సంపాదించిన రోజు అది. దాన్ని మంచం మీద పారేసుకోవడం చూస్తే నాకు బాధగా ఉంటుంది.

ఈ సమస్యకు అసలైన ఉదాహరణ మన రాయలసీమలోనే ఉంది. శ్రీ సత్యసాయి జిల్లాలో పెనుకొండ పక్కన ఎర్రమంచి. అక్కడ ఫ్యాక్టరీ పెట్టడానికి 2017 ఏప్రిల్‌లో కొరియా కార్ల కంపెనీ కియా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. 536 ఎకరాలు, సుమారు 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఏడాదికి 3 లక్షల కార్లు తయారుచేసే సామర్థ్యం. 2019 జులై 31న సెల్టోస్ కారు ఉత్పత్తి మొదలైంది, ఆ డిసెంబరు 5న ఫ్యాక్టరీకి ప్రారంభోత్సవం జరిగింది. కియా వెంట విడిభాగాలు చేసే కొరియా కంపెనీలూ వచ్చాయి. వానకోసం ఆకాశం వంక చూసే శెనక్కాయ చేల నడుమ కొరియా అక్షరాల బోర్డులు వెలిశాయి, కొరియా భోజనం పెట్టే హోటళ్ళు పుట్టాయి. కొరియా ఇంజనీర్ల పక్కనే మన రాష్ట్రం నలుమూలల నుంచి, బయటి రాష్ట్రాల నుంచి వచ్చిన పిల్లలు పనిచేస్తున్నారు. అంతమందికీ వారానికో సెలవు వస్తుంది. చుట్టూ ఉన్న మూడు ఊళ్ళు, పెనుకొండ, హిందూపురం, ధర్మవరం, ఒకే రైలు మార్గం మీద ఉన్నాయి. సెలవు రోజును నిండుగా చేసుకోవడానికి ఇంతకన్నా అనువైన చోటు చెప్పమంటే నేను వెంటనే చెప్పలేను.

సెలవొస్తే చాలామంది చేసేది ఒకటే. చూడాల్సిన ప్రదేశాల జాబితా ఒకటి ఫోనులో తీస్తారు, నలుగురు కలిసి కారు మాట్లాడుకుంటారు, ఒక్క రోజులో ఆరు చోట్లకు పరిగెడతారు. ప్రతిచోటా సెల్ఫీ దిగుతారు. రాత్రికి ఒళ్ళు హూనమవుతుంది, వారం తిరిగేసరికి ఏది ఎక్కడ చూశారో కలిసిపోతుంది. నేను చెప్పేది వేరే పద్ధతి. ఒక ఊరు ఎంచుకోండి. ఆ ఊరు మాత్రమే జవాబు చెప్పగల ప్రశ్న ఒకటి పట్టుకోండి. ఆ జవాబు కోసం నడవండి, అడగండి, కూర్చోండి. దారిలో గుడి కనిపిస్తే గుడి, టీకొట్టు కనిపిస్తే టీకొట్టు. ప్రశ్న ఉన్న మనిషి కళ్ళు వేరుగా చూస్తాయి. పైగా తెలియని మనిషితో మాట కలపడానికి ప్రశ్నను మించిన సాయం లేదు. "ఇక్కడ చూడ్డానికి ఏముంది?" అంటే "ఏముందప్పా, ఏం లేదు" అనేస్తారు ఊరివాళ్ళు. "ఈ కోట తలుపుకు ఆ పేరెందుకొచ్చింది?" అని అడిగి చూడండి. పక్కన బీడీ కాలుస్తున్న పెద్దాయన కూడా లేచి వస్తాడు.

కోట తలుపు సంగతి ఊరికే అనలేదు. పెనుకొండ కోటకు ఉన్న ద్వారాల్లో ఒకదాని పేరు ఎర్రమంచి గేటు. అక్కడ పదకొండడుగుల ఎత్తున ఆంజనేయుడు నిలబడి ఉంటాడు. ఇవాళ కార్లు తయారయ్యే ఊరి పేరు రాయల కాలపు కోట తలుపు మీద ఉంది! ఎర్రమంచి ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి తన పెనుకొండ ప్రయాణాన్ని ఇక్కడి నుంచే మొదలుపెట్టాలని నా కోరిక. రోజూ బస్సు బోర్డు మీద చదివే పేరు ఎంత పాతదో ఆ తలుపు ముందు నిలబడితే తెలుస్తుంది.

అక్కడి నుంచి పెద్ద ప్రశ్నకు వెళ్ళండి: అంత హంపీ వదిలి రాజు ఇక్కడికెందుకు వచ్చాడు? 1565 జనవరిలో దక్కన్ సుల్తానులతో జరిగిన తళ్ళికోట యుద్ధంలో, విజయనగర రాజ్యాన్ని నడిపిస్తున్న అళియ రామరాయలు చనిపోయాడు. తమ్ముడు తిరుమలరాయలు హంపీ విజయనగరంలో నిలవలేక, చేతికందిన సంపదను ఏనుగుల మీదికెక్కించి దక్షిణానికి కదిలాడు. పెనుకొండ అలా సామ్రాజ్యానికి రాజధాని అయింది. తరవాత వెంకటపతిరాయల కాలంలో రాజధాని చంద్రగిరికి పోయేదాకా ఆ గౌరవం ఈ ఊరిదే. ఇదంతా పుస్తకంలో ఉంది. ఇక్కడే ఎందుకన్న ప్రశ్నకు జవాబు మాత్రం కాళ్ళతో వెతుక్కోవాలి. తెల్లవారుజామునే కొండెక్కండి. పైన లక్ష్మీనరసింహస్వామి గుడి ఉంది. దారి పొడవునా కూలిన బురుజులు, గోడలు, నీటి గుంటలు. సగం దూరం ఎక్కి వెనక్కి తిరిగి చూస్తే చాలు. నాలుగు దిక్కులా మైదానం పరుచుకుని ఉంటుంది, ఎటు నుంచి సైన్యం కదిలి వచ్చినా ముందే కనిపిస్తుంది. ఓడిన రాజుకు ముందుగా కావలసింది ఊపిరి పీల్చుకునే సమయం. ఆ కొండ దాన్నే ఇచ్చింది. చేతిలో నీళ్ళ సీసా, తలకు గుడ్డ ఉండాలి. ఎండాకాలంలో తొమ్మిది దాటకముందే దిగిపోవాలి. అనంతపురం ప్రాంతపు ఎండతో పంతం పనికిరాదు.

దిగాక ఆకలేస్తుంది. ఉగ్గాణి, మిరపకాయ బజ్జి తినండి. మీతో కొరియా సహోద్యోగి ఉంటే ఆయనకు కారం గురించి జాగ్రత్తలు చెప్పనక్కరలేదు, కారంలో వాళ్ళు మనకేమీ తీసిపోరు. పోర్చుగీసు ఓడలు అమెరికా ఖండం నుంచి మిరపకాయను మన తీరానికి తెచ్చింది 16వ శతాబ్దంలోనే. కొరియాకు అది చేరింది కూడా ఇంచుమించు ఆ శతాబ్దం చివర్లో. అంటే పెనుకొండ రాజధానిగా ఉన్న రోజుల్లోనే మిరపకాయ రెండు దేశాల వంటింట్లోనూ కొత్త కోడలిలా అడుగుపెడుతోంది. ఇంత దగ్గరి చుట్టరికం టిఫిన్ బల్ల దగ్గర బయటపడితే, నెలల తరబడి "గుడ్ మార్నింగ్ సార్" దగ్గరే ఆగిపోయిన ఇద్దరు మనుషులు మాటల్లో పడతారు.

ఊళ్ళో చూడవలసినవన్నీ నడక దూరంలోనే ఉంటాయి. గగన్ మహల్ ముందు కొంచెం ఎక్కువసేపు నిలబడండి. కమానులు సుల్తానుల పద్ధతిలో ఉంటాయి, పైన శిఖరం గుడి గోపురం తీరులో లేస్తుంది. యుద్ధం చేసిన రెండు పక్షాల కట్టడపు పనితనమూ ఒకే మేడలో కలిసి ఉంది. ఆ దగ్గర్లోనే రాముడి గుడి, శివుడి గుడి పక్కపక్కన. ఇంకో వీధిలో పార్శ్వనాథుడి జైన బసది. శ్రీకృష్ణదేవరాయల మంత్రి తిమ్మరుసును బంధించిన చోటు ఇదేనని ఒక కట్టడాన్ని చూపిస్తారు ఊరివాళ్ళు. చరిత్రకారుల వాదనలు ఎలా ఉన్నా, ఆ కథ చెప్పేటప్పుడు వాళ్ళ గొంతులో పలికే బాధ నిజమైనది. దాన్ని వినండి, వాదించకండి.

నా మట్టుకు నేను పెనుకొండలో ఎక్కువసేపు కూర్చోమని చెప్పేది బాబయ్య దర్గాలో. ఊరు బాబయ్య అని పిలుచుకునే బాబా ఫకృద్దీన్ ఎక్కడో పర్షియా వైపు సిస్తాన్ నుంచి వచ్చాడని, రాజ్యాన్ని వదులుకున్నాడని, తిరుచిరాపల్లి నథర్ వలీకి శిష్యుడయ్యాడని సంప్రదాయం. గురువు ఇచ్చిన పుల్ల ఏ చోట చిగురిస్తే అక్కడే ఉండిపొమ్మన్నాడట, అది పెనుకొండలో చిగురించిందట. ఉరుసుకు హిందువులు, ముస్లింలు అన్న తేడా లేకుండా జనం వస్తారు. చుట్టుపక్కల జిల్లాల నుంచి, కర్ణాటక నుంచి కూడా. ఎక్కడి నుంచో వచ్చి ఈ ఊరివాడైపోయిన మనిషి సమాధి అది. పరాయిచోట ఉన్నానన్న దిగులు మోసేవాళ్ళు అక్కడ అరగంట కూర్చోవడం మంచిది. చెప్పులు బయట వదలాలి, తలకు రుమాలు కట్టుకోవాలి. ఫొటో తియ్యాలంటే ముందు అడగాలి.

ఇక్కడ కొరియా నుంచి వచ్చినవాళ్ళకు ఒక మాట. కియాకు కొరియాలో హ్వాసంగ్ నగరంలో పెద్ద ఫ్యాక్టరీ ఉంది. దాని పక్క నగరం సువాన్. అక్కడి హ్వాసంగ్ కోటను 1794 నుంచి 1796 వరకు జంగ్జో రాజు కట్టించాడు. రాజధానినే అక్కడికి మార్చాలన్న ఆలోచన ఆయనకుండేదని చెబుతారు. సుమారు ఐదున్నర కిలోమీటర్ల గోడ, దాని మీద నడిచి చుట్టి రావచ్చు. కొరియా యుద్ధంలో దెబ్బతిన్న కోటను, కట్టినప్పుడు రాసి పెట్టిన వివరమైన రికార్డు చూసి 1970ల్లో మళ్ళీ నిలబెట్టారు. 1997లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. రెండు దేశాల్లోనూ ఒకే కంపెనీ ఫ్యాక్టరీ పక్కన ఒక రాజు కొత్త రాజధాని తలపుతో చూసిన కోట! సువాన్‌లో ఆదివారం పిల్లలతో గోడ మీద నడిచిన ఇంజనీరు పెనుకొండ బురుజు చూస్తే ఇది తనకు తెలిసిన సంగతే అనుకుంటాడు. పెనుకొండ కోట మాత్రం సువాన్‌లా మళ్ళీ లేవలేదని కూడా గమనిస్తాడు. ఆ తేడా ఎందుకొచ్చిందన్నది ఇంకో సెలవు రోజుకు సరిపడే ప్రశ్న. ఇక్కడి నుంచి కొరియా వెళ్ళే మన పిల్లలకూ, సువాన్ ప్రాంతంలో ఎలక్ట్రానిక్స్ ఉద్యోగాలు చేసే తెలుగువాళ్ళకూ ఇదే మాట తిరగేసి చెబుతాను. ఆదివారం గదిలో పప్పన్నం వండుకుని సినిమా చూస్తూ గడిపేయకండి. ఆ గోడ మీద ఒక చుట్టు నడవండి.

రెండో ప్రశ్నకు రెండు సెలవులు కావాలి: పట్టుచీర ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది? హిందూపురంలో మొదలుపెట్టండి. ఆ చుట్టుపక్కల పల్లెల్లో మల్బరీ తోటలు, పురుగుల షెడ్లు. పురుగు దాదాపు 25 రోజులు ఆకు తిని, చంద్రికలనే తట్టల మీదికెక్కి గూడు కడుతుంది. ఆ గూళ్ళను రైతులు హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్‌కు తెస్తారు, గూళ్ళ నుంచి పోగు తీసే రీలర్లు వేలంలో కొంటారు. మంచి బైవోల్టిన్ రకం గూటి నుంచి వెయ్యి మీటర్ల దాకా పోగు వస్తుంది. వేలం దగ్గర రైతు ముఖం చూడండి. నెల రోజుల కష్టం విలువ ఎంతో ఆ కాసేపట్లో తేలిపోతుంది. అధికారులను అడిగి, వేలానికి అడ్డు రాకుండా ఒక పక్కన నిలబడితే ఎవరూ కాదనరు. రీలర్ల దగ్గర గూళ్ళు ఉడికే వాసన కొరియా వాళ్ళకు కొత్త కాదు. పట్టుపురుగు ప్యూపాలను ఉడికించి వీధుల్లో చిరుతిండిగా అమ్ముతారు అక్కడ, దాని పేరు బొందెగి. ఆ వాసనకు మనం ముక్కు మూసుకుంటాం, వాళ్ళు చిన్నతనం గుర్తు చేసుకుంటారు.

మీ సెలవు ఆదివారం కాక వారం మధ్యలో వస్తే దాన్ని లోటుగా అనుకోకండి. మార్కెట్ ఊళ్ళ అసలు రూపం పని రోజుల్లోనే కనిపిస్తుంది. హిందూపురం యార్డులో సీజనులో చింతపండు రాశులు, కరిపులి రకానికి ఒక ధర, ఫ్లవర్ రకానికి ఒక ధర. బెల్లం, ఎండుమిర్చి వ్యాపారం. చుట్టూ తెలుగు, కన్నడ కలగలిసిన మాటలు. ఒకే మనిషి ఒకే బేరంలో భాష మారుస్తుంటాడు.

హిందూపురం నుంచి పదిహేను కిలోమీటర్లలో లేపాక్షి. దాని గురించి అందరికీ తెలుసు కాబట్టి ఎక్కువ చెప్పను. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు కట్టించిన వీరభద్రాలయం, ఏకశిలా నంది, 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చోటు. వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసి వెళ్ళిపోతారు జనం. మీరు పట్టుచీర ప్రశ్నతో వచ్చారు కదా, తలెత్తి పైకప్పు బొమ్మల్లోని స్త్రీల చీరలు చూడండి. ఆ గళ్ళు, ఆ అంచులు, ఆ చెంగులు. తరవాత లతా మండపం స్తంభాల మీద చెక్కిన డిజైన్లు ఒక్కొక్కటీ చూడండి. నాలుగైదు ఫొటోలు తీసి దాచుకోండి, వచ్చే సెలవుకు అవి పనికొస్తాయి.

ఎందుకంటే వచ్చే సెలవుకు మీరు ధర్మవరంలో ఉంటారు. రైలు దిగి నేతగాళ్ళుండే వీధుల్లోకి నడిస్తే మగ్గం చప్పుడు ఇంటి బయటికే వినిపిస్తుంది. గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న నేతగాడు, తల మీద జాకార్డు, వరసగా కదిలే అట్టలు, చేతిలో నాడె. ఇంకో పక్కన ఇంటి ఆడవాళ్ళు కండెలు చుడుతుంటారు. చీర మీద పేరు మగ్గం ఎక్కినవాడిదే అనుకుంటాం, నిజానికి ఇల్లంతా కలిసి పనిచేస్తేనే చీర అవుతుంది. లేపాక్షిలో తీసిన ఫొటోలు ఇక్కడ చూపించండి. "ఈ అంచు మేమూ వేసినాం" అంటూ ఒక పాత డిజైను బయటికి తీసే మనిషి తప్పకుండా దొరుకుతాడు. అప్పుడు మీ రెండు సెలవుల ప్రశ్నకు జవాబు మీ ముందు పరుచుకుంటుంది.

ఇక్కడ మర్యాద ఒకటుంది. నేస్తున్నవాళ్ళకు ప్రతి గంటా కూలీ డబ్బే. పని ఆపించి కబుర్లు పెట్టకండి. చేతులు ఆడుతుండగానే మాట్లాడగలరు వాళ్ళు. ధర్మవరం చేనేత పట్టు చీరలకు, పావడాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. చేనేతకు కేటాయించిన రకాలను మరమగ్గాల మీద నెయ్యకూడదని 1985 చట్టం చెబుతుంది. అయినా మరమగ్గం చీర చేనేత పేరుతో అమ్ముడుపోతూనే ఉంది. ఆ బాధ వాళ్ళ నోటే వినండి. కొనాలనుకుంటే చేనేత గుర్తు, పట్టు గుర్తు చూసి కొనండి. నేసిన మనిషి ఎదుట నిలబడి సంతలో బేరమాడినట్టు ఆడవద్దు. కొనే స్తోమత లేకపోతే ఆ మాటే నేరుగా చెప్పండి, ఎవరూ చిన్నచూపు చూడరు.

ధర్మవరం మండలంలోనే నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మల ఊరు. మేక తోలును శుభ్రం చేసి, వెలుతురు అవతలికి కనిపించేంత పలచగా ఆరబెట్టి, బొమ్మ గీసి, రంధ్రాలు తొలిచి, రంగులద్దుతారు. ఆటలు తగ్గాక దీపాల తొడుగులు, గోడ బొమ్మలు చేస్తూ కళను బతికించుకున్నారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ కుటుంబాల పూర్వీకులు మరాఠీ నేల నుంచి వచ్చారు. రామాయణ భారతాలను తెలుగులో ఆడించి తెలుగు పల్లెల మెప్పు పొందారు. వలస వచ్చిన మనిషి వచ్చిన చోటుకు ఎంత ఇవ్వగలడో తెలియాలంటే ఈ ఒక్క ఊరు చాలు. నిమ్మలకుంటను ధర్మవరంతో కలిపి ఒకే రోజు పెట్టుకోకండి. దానికి దాని రోజు ఇవ్వండి.

ఇక ఆచరణలో ఎదురయ్యే చిక్కులు. నైట్ షిఫ్టు చేసి వచ్చిన ఉదయాన్నే బయల్దేరకండి, ముందు నిద్ర. ఆ రోజుకు మధ్యాహ్నం మూడు తరవాత పక్క ఊరి సంత, టీకొట్టు, సాయంత్రపు గుడి మెట్లు చాలు. ఇద్దరు కలిసి వెళ్ళడం అన్నిటికన్నా మంచిది. ఒంటరిగా అయితే మొదటిసారి బెరుకుంటుంది, ఆరుగురైతే మీలో మీరే మాట్లాడుకుంటారు తప్ప ఊరితో మాట్లాడరు. ఆడపిల్లలు తోటి ఉద్యోగినితో వెళ్ళండి, వెలుగుండగానే తిరుగు బస్సో రైలో చూసుకోండి, ఎక్కడికి వెళ్తున్నారో రూములో ఒకరికి చెప్పి వెళ్ళండి. నేతగాళ్ళ ఇళ్ళలో, పల్లెల్లో ముందు ఇంటి ఆడవాళ్ళతో మాట కలిస్తే తలుపులు తొందరగా తెరుచుకుంటాయి. అది మగవాళ్ళకు లేని సౌకర్యం. డబ్బు ఎంత ఖర్చవుతుందో ముందే రాసుకోండి: రైలు, రెండు పూటల తిండి, టీలు, కొంచెం మిగులు. ఇంటికి డబ్బు పంపేవాడికి ఖర్చు మీద అపరాధ భావన ఉంటుంది, నాకది తెలుసు. కానీ రోజంతా రూములో ఉండి తెప్పించుకునే పార్శిళ్ళ లెక్క కూడా ఒకసారి వేసి చూడండి.

ఫోనులో రెండు ఫొటోలు సిద్ధంగా ఉంచుకోండి: మీ ఊరు, మీ ఇంటివాళ్ళు. "యా ఊరప్పా మీది?" అని ఈ సీమలో ప్రతి పెద్దాయనా అడుగుతాడు. ఊరి పేరు చెప్పి ఊరుకుంటే మాట అక్కడే ఆగిపోతుంది. ఫొటో చూపిస్తే "మీ పక్క వానలు బాగానే పడతాండాయే" అంటూ తన చేను గురించి మొదలుపెడతాడు. అన్నా, అక్కా, పెద్దాయనా, అమ్మా అన్న నాలుగు పిలుపులు నేర్చుకుంటే కొరియా అతిథికి కూడా ఈ మూడు ఊళ్ళలో దారి దొరుకుతుంది. వరస పెట్టి పిలిస్తే ఇక్కడ మనిషి మారిపోతాడు.

ఈ పుస్తకం చదివే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వాసులు కూడా ఉంటారు కదా, వాళ్ళకూ నా విన్నపం ఒకటి. మీ ఇంటి మేడ మీద అద్దెకుంటున్న పిల్లలు ఏ పండక్కో ఇంటికి వెళ్ళలేక రూములో ఉండిపోతారు. ఉగాదికి ఒబ్బట్టు పంపడం మంచిదే, ఆ పిల్లల్ని కిందికి పిలిచి మీతో పాటు కూర్చోబెట్టుకుని తినిపించడం ఇంకా మంచిది. మీ ఊరి కథ ఒకటి, మీ తాత చెప్పినది, వాళ్ళకు చెప్పండి. పని కోసం వచ్చిన మనిషి ఈ ఊరి గురించి తన ఊళ్ళో ఏం చెబుతాడన్నది మీ చేతిలో ఉంది.

దేశం దాటిన మనవాళ్ళ పరిస్థితి ఇంతకన్నా కఠినం. కువైట్‌లో శుక్రవారం సెలవు, వేసవిలో మధ్యాహ్నం బయట పని చేయించకూడదని నిబంధన పెట్టేంత ఎండ. ఎమిరేట్లలో 2022 జనవరి నుంచి ప్రభుత్వ కార్యాలయాలకు శని, ఆదివారాలు సెలవులయ్యాయి. కొందరికి నెలల తరబడి సరైన సెలవే ఉండదు. అలాంటి చోట ఊరు చూడమని చెప్పడం తేలిక, చెయ్యడం కష్టమని నాకు తెలుసు. కువైట్ నగరంలో శుక్రవారం మాలియా ప్రాంతానికి వెళ్ళి మన జిల్లావాళ్ళతో తెలుగు మాట్లాడుకోవడం ఎంత ఊరటో, అది వదలమని అనను. చలికాలంలో ఒక్క శుక్రవారం మాత్రం ఫైలకా దీవికి పడవ ఎక్కమంటాను. నూనె బావులు పుట్టకముందు, వేల ఏళ్ళ కిందట అక్కడ దిల్మున్ నాగరికత మనుషులు బతికారు, తరవాత గ్రీకులు వచ్చారు. ఆ శిథిలాల మధ్య పట్టుకోవలసిన ప్రశ్న ఒకటే: ఇంత ఎండలో, ఇంత ఉప్పునీళ్ళ మధ్య వాళ్ళు ఎందుకున్నారు, ఏం అమ్ముకుని బతికారు? రాజంపేట నుంచి వెళ్ళిన మనిషికి ఆ ప్రశ్న ఎంత దగ్గరిదో వేరే చెప్పనక్కరలేదు.

తిరిగి వచ్చిన రాత్రి, నిద్రకు ముందు, ఐదు వాక్యాలు రాయండి. ఏం అడిగారు, ఎవరు చెప్పారు, ఏం తెలియకుండా మిగిలింది. తెలియకుండా మిగిలినదే తరవాతి సెలవుకు ప్రశ్న. ఇంటికి ఫోను చేసినప్పుడు "తిన్నావా, బాగున్నావా" అయిపోయాక ఈ కబురు చెప్పండి. అమ్మకు మీరు పంపే జీతం కన్నా మీరు చూసిన మగ్గం గురించి వినడం ఎక్కువ సంతోషం. ఆవిడ మీ గొంతులో ఉత్సాహం వింటుంది కనుక.

ఇంకా ఏ ప్రశ్నా తట్టకపోతే ఈ వారానికి నేనొకటి ఇస్తాను. ఎర్రమంచి ఫ్యాక్టరీలో మీరు చేతులు కడుక్కునే నీళ్ళు ఎక్కడివి? దేశంలోనే అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లో ఇదొకటి. జవాబు పెనుకొండ పక్కనే గొల్లపల్లి జలాశయంలో ఉంది. హంద్రీనీవా పథకం కింద శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణా నీళ్ళను మల్యాల దగ్గర పైకి తోడి, మెట్టు మెట్టుగా ఎత్తిపోస్తూ, జీడిపల్లి మీదుగా ఇక్కడిదాకా తెచ్చారు. శనివారం రాత్రే దారి అడిగి పెట్టుకోండి, ఆదివారం పొద్దున్నే వెళ్ళండి. గట్టు మీద నిలబడి నీళ్ళు చూసి వెనక్కి వచ్చేయకండి. దగ్గరి చేలో పనిచేస్తున్న రైతును పలకరించి, ఈ నీళ్ళు రాకముందు ఆయన బోరు ఎన్ని అడుగులు పోయిందో, ఇప్పుడు ఎన్ని అడుగుల్లో నీళ్ళున్నాయో అడగండి. ఆయన టీకి పిలిస్తే వెళ్ళండి.